పింట్‌లో నురుగే ఎక్కువగా ఉంటే ముందు గ్లాసు చూడండి

లండన్ పబ్బులో రెండు వేళ్ల మందం నురుగుతో పింట్ (568 మిల్లీలీటర్ల) బీరు ఇచ్చి, ఆ నురుగూ కొలతలో భాగమేనన్నారని మీరు రాశారు. బహుశా అంచు వరకు కొలిచే గ్లాసులో పోసి ఉంటారు. అందులో నురుగు లెక్కలోకి రావడం నిజమే.

1. చాలామంది గ్లాసును పరిశీలించరు. పైభాగాన కొలత గీత ఉంటే బీరే ఆ గీతను తాకాలి, నురుగు దానికి పైన ఉండాలి. గీత లేకపోతే 568 మిల్లీలీటర్ల కొలత అంచుకే; అయినా నురుగు అణిగాక 95 శాతానికి తగ్గకుండా ద్రవం ఉండాలనీ, అడిగినవారికి విసుక్కోకుండా నింపి ఇవ్వాలనీ అక్కడి బీరు, పబ్బుల సంఘం మార్గదర్శకాలే చెబుతున్నాయి.

2. గుక్క తాగకముందే, కౌంటరు దగ్గరే నింపమని అడగండి. సగం తాగి అడిగితే ఎవరూ వినరు.

3. నిరాకరిస్తే సిటిజన్స్ అడ్వైస్ అనే ఉచిత సలహా సంస్థ ద్వారా, తూనికలు కొలతలు చూసే ట్రేడింగ్ స్టాండర్డ్స్ విభాగానికి ఫిర్యాదు చేయవచ్చు.