ఆగి ఉన్న కారులో మంటలు: ఫ్యూజు ఎక్కడుందన్నదే కీలకం

ప్రశ్న: కారుకు బయటి దుకాణంలో 600 వాట్ల యాంప్లిఫయర్, సబ్‌వూఫర్ పెట్టించాను. మూడు వారాలకే, రాత్రి ఆపి ఉంచిన కారు ముందు భాగం తగలబడింది. ఇది జరిగి 16 నెలలైంది. అనుమతి లేని మార్పు చేయించారంటూ బీమా కంపెనీ క్లెయిమ్ తిరస్కరించి 13 నెలలైంది. ఫ్యూజు సీటు కింద పెట్టారు. దుకాణదారు బిల్లు ఇవ్వలేదు. ఇప్పుడు పాత తేదీ వేసి, ‘స్పీకర్లు మాత్రమే మార్చాం’ అని రాసిస్తానంటున్నాడు. కారు ఇంకా గ్యారేజీలోనే ఉంది. కష్టపడి కొనుక్కున్న కారు. నాకు న్యాయం దొరుకుతుందా?

జవాబు: కష్టపడి కొన్నారన్నది వినియోగదారుల కమిషన్ ముందు సాక్ష్యం కాదు. కేసును తేల్చేది మీరు ఒక్క ముక్కలో దాటేసిన మాట: ఫ్యూజు సీటు కింద ఉంది.

తాళం తీసేసినా యాంప్లిఫయర్ పవర్ వైరులో బ్యాటరీ కరెంటు ఉంటూనే ఉంటుంది. ఆ ఫ్యూజు పని వైరును కాపాడటం, అందుకే బ్యాటరీ ప్లస్ టెర్మినల్ నుంచి 45 సెంటీమీటర్ల లోపు బిగించాలి. సీటు కింద పెడితే బ్యాటరీ నుంచి అక్కడిదాకా వైరుకు రక్షణే లేదు. ఇంజిన్‌కూ క్యాబిన్‌కూ మధ్య రేకులోని రంధ్రంలో గ్రోమెట్ (వైరు ఒరుసుకోకుండా రంధ్రం అంచుకు తొడిగే రబ్బరు వలయం) లేకపోతే, అదురుకు ఇన్సులేషన్ కోసుకుపోయి వైరు రేకుకు తగులుతుంది. అప్పుడు షార్ట్ సర్క్యూట్ అయి పారే వందల ఆంపియర్లను ఆపేది ఏదీ ఉండదు.

వైరు సన్నంగా వేశాడన్న వాదనను ముందు పెట్టకండి. 600 వాట్ల క్లాస్ ఏబీ యాంప్లిఫయర్ పూర్తి వాల్యూమ్‌లో 70 ఆంపియర్ల దాకా లాగుతుంది, దానికి సుమారు 21 చదరపు మిల్లీమీటర్ల (4 గేజి) రాగి వైరు కావాలి. నిజమే. కానీ సన్న వైరు కాగేది పాట మోగుతున్నప్పుడు. మీ కారు ఆగి ఉంది. ఎదుటి లాయరు అడిగే మొదటి ప్రశ్న అదే అవుతుంది.

కాబట్టి గ్యారేజీలో ఎవర్నీ ఆ వైరు ముట్టుకోనివ్వకండి. బ్యాటరీ టెర్మినల్, రేకు రంధ్రం, ఫ్యూజు హోల్డరు, వైరు కాలిన చోటు, అన్నిటినీ ఫొటోలు తీయించండి. ఆటోమొబైల్ ఇంజినీరుతో పరీక్ష చేయించి నివేదిక, అఫిడవిట్ తీసుకోండి. వినియోగదారుల కమిషన్‌ను వినియోగదారుల రక్షణ చట్టం, 2019 సెక్షన్ 38 కింద ల్యాబ్ పరీక్ష కూడా కోరవచ్చు. నష్టం అంచనా వేసిన సర్వేయరు నివేదిక ప్రతిని బీమా కంపెనీ నుంచి రాతపూర్వకంగా అడగండి.

ఆ పాత తేదీ బిల్లు మాత్రం తీసుకోకండి! అది తప్పుడు పత్రం, క్రిమినల్ కేసుకు దారితీయవచ్చు. పైగా యాంప్లిఫయర్ పెట్టలేదని మీ చేతులతోనే ఒప్పుకున్నట్లవుతుంది, దుకాణంపై కేసు అక్కడితో చచ్చిపోతుంది. బిల్లు అడగకపోవడం మీ నిర్లక్ష్యమే. అయినా యూపీఐ చెల్లింపు చూపే బ్యాంకు స్టేట్‌మెంటు, దుకాణదారుతో వాట్సాప్ సందేశాలు ఉంటే చాలావరకు ఆ లోటు తీరుతుంది. సందేశాల ప్రింట్లకు భారతీయ సాక్ష్య అధినియం, 2023 సెక్షన్ 63 కింద ఎలక్ట్రానిక్ రికార్డులకు ఇచ్చే ధ్రువపత్రం జతచేయండి. ఫోన్ మార్చకండి.

ఇక గడువు. మీ ఫిర్యాదును కంపెనీ తిరస్కరించిన ఏడాదిలోపు వెళ్లాల్సిన బీమా అంబుడ్స్‌మన్ (బీమా ఫిర్యాదులు తేల్చే అధికారి) దారి దాదాపు మూసుకుపోయినట్లే. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 సెక్షన్ 69 ప్రకారం గడువు రెండేళ్లు. బీమా కంపెనీపై తిరస్కరణ తేదీ నుంచి లెక్కేస్తే 11 నెలలు ఉన్నాయి. దుకాణంపై మాత్రం ప్రమాదం జరిగిన రోజు నుంచే లెక్క, ఉన్నది 8 నెలలే. ఉత్తరాలు రాస్తూ కూర్చుంటే గడువు ఆగదు. ఇద్దరిపై ఒకే ఫిర్యాదు వేయండి, 8 నెలల లెక్కే పట్టుకోండి.

బీమా కంపెనీ విషయంలో ఆశ తగ్గించుకోండి. అదనంగా పెట్టించిన ఎలక్ట్రానిక్ పరికరాలకు బీమా ఇచ్చే ఐఎంటీ 24 ఎండార్స్‌మెంటు (పాలసీకి అదనపు షరతు) తీసుకోకపోతే యాంప్లిఫయర్, సబ్‌వూఫర్ ఖరీదు రాదు. కారు నష్టం వేరే సంగతి: మినహాయింపు వర్తిస్తుందని నిరూపించాల్సింది కంపెనీయే. షరతు ఉల్లంఘన ఉన్న వాహన క్లెయిమును పూర్తిగా కొట్టేయకుండా నాన్ స్టాండర్డ్ పద్ధతిలో, అంటే కొంత కోత పెట్టి, 75 శాతం ఇమ్మని 2010లో సుప్రీంకోర్టు ఒక కేసులో ఆదేశించింది. ప్రత్యామ్నాయంగా ఆ కోరిక కూడా ఫిర్యాదులో రాయించండి.

ఈ వారంలోనే దుకాణదారుకు రిజిస్ట్రేషన్ సేవతో స్పీడ్ పోస్టులో 15 రోజుల గడువుతో లాయర్ నోటీసు పంపండి. జవాబు రాకపోతే మీరు నివసించే జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు.