ఆర్థో కావాలంటే లైగాండ్ మార్చాలి

ప్రశ్న: మిథైల్ బెంజోయేట్‌కి ఇరిడియంతో సీ–హెచ్ బోరైలేషన్ (కార్బన్ మీది హైడ్రోజన్ తీసి బోరాన్ పెట్టడం) చేస్తున్నాను. లైగాండ్, అంటే లోహాన్ని పట్టుకుని ఉండే అణువు, డై-టెర్షియరీ-బ్యూటైల్ బైపిరిడిన్. రింగ్ మీద ఎస్టర్ గ్రూపు ఉన్నా దాని పక్క స్థానంలో బోరాన్ చేరిన ఆర్థో ఉత్పన్నం రావడం లేదు. మెటా (ఒక స్థానం దాటి), పారా (సరిగ్గా ఎదురుగా) కలగలిసి వస్తున్నాయి. వేడి పెంచినా అంతే. ఏం చేయాలి?

జవాబు: వేడితో తేలే వ్యవహారం కాదిది. ఇరిడియాన్ని బైపిరిడిన్ రెండు నైట్రోజన్లతో పట్టుకుంటుంది, దానికి తోడు మూడు బోరైల్ గ్రూపులు. ఇక లోహం మీద మిగిలేది ఒకే ఖాళీ. సీ–హెచ్ బంధం అందులోకి వస్తే ఎస్టర్ ఆక్సిజన్ ఆనడానికి చోటుండదు. అప్పుడు చెల్లేది ఇరుకు లెక్క ఒక్కటే. ఎస్టర్ పక్క స్థానాలు ఇరుకు కనుక బోరాన్ వాటిని వదిలేసి రెండు మెటాలకూ ఒక పారాకూ చేరుతుంది. అదే రింగ్‌లో 3వ స్థానాన క్లోరిన్ ఉంటే 5వ స్థానం ఒక్కటే మిగులుతుంది. అలాంటి పదార్థానికి మీ పాత పద్ధతే మేలు.

ఆర్థో కోసం ఇషియామా, మియౌరా బృందం 2010లో దారి చూపింది. బైపిరిడిన్ బదులు ట్రిస్-3,5-బిస్(ట్రైఫ్లోరోమిథైల్)ఫినైల్ ఫాస్ఫీన్ వాడారు. ఎలక్ట్రాన్లు తక్కువున్న ఈ ఫాస్ఫీన్ లోహాన్ని వదులుగా పట్టుకుంటుంది, కాబట్టి ఆక్సిజన్‌కీ సీ–హెచ్‌కీ చోటు దొరుకుతుంది.

బోరాన్ ఇచ్చే బిస్(పినకొలాటో)డైబోరాన్ 1 మిల్లీమోల్‌కి (254 మి.గ్రా.) ఇరిడియం మెథాక్సీ సైక్లోఆక్టాడయీన్ డైమర్ 10 మి.గ్రా., ఫాస్ఫీన్ 40 మి.గ్రా. తూచండి. అంటే ఒక ఇరిడియం పరమాణువుకి రెండు ఫాస్ఫీన్లు. ఎస్టర్ 5 మిల్లీమోల్, దాదాపు 0.68 గ్రా. ఎస్టర్ ఎక్కువగా ఉంటేనే ఒకే అణువుకి రెండో బోరాన్ తగలకుండా ఉంటుంది. నైట్రోజన్ కింద, ఆరబెట్టిన ఆక్టేన్‌లో 80 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచండి. టీహెచ్ఎఫ్ (టెట్రాహైడ్రోఫ్యూరాన్) ద్రావణి వద్దు, అదీ లోహానికి అతుక్కుంటుంది. గాజుసామాన్లలో పాత బైపిరిడిన్ మిగిలితే మళ్లీ మెటా, పారాలే కనిపిస్తాయి.

ఆర్థో, మెటా, పారాల నిష్పత్తిని సిలికా కాలమ్‌తో శుద్ధి చేయకముందే, ముడి మిశ్రమం ప్రోటాన్ ఎన్‌ఎంఆర్‌లో (హైడ్రోజన్ల స్థానాలను పీక్‌లుగా చూపే పరీక్ష) చూడండి. సిలికా మీద బోరోనేట్లు కొంత పోతాయి, లెక్క తప్పుతుంది. మెటాకి 8.46 పీపీఎం దగ్గర విడిగా ఒక సింగ్లెట్, పారాకి 8.0, 7.9 దగ్గర జంట డబ్లెట్లు. ఆర్థో వస్తే పినకోల్ మిథైల్ పీక్ 1.35 దగ్గర కాక 1.42కి జరుగుతుంది.

ప్రశ్న: పల్లాడియం అసిటేట్‌తో 2-ఫినైల్‌పిరిడిన్‌కి అసిటాక్సీ గ్రూపు పెడుతుంటే ఫినైల్ రింగ్ రెండు ఆర్థోలకీ చేరుతోంది. ఒక్కదానితో ఆపడం ఎలా?

జవాబు: మొదటి అసిటాక్సీ చేరాక రింగ్ తిరిగి రెండో పక్కను లోహానికి అందిస్తుంది. ఆక్సీకరణికైన ఫినైల్ డయాసిటాక్సీ అయొడైడ్‌ను 1.1 ఈక్వివలెంట్లకు (ఒక మోల్ పదార్థానికి 1.1 మోల్) మించనివ్వకండి, దిగుబడి కొంత తగ్గినా సరే. ఫినైల్ రింగ్ 3వ స్థానాన మిథైల్ పెట్టుకోగలిగితే ఆ పక్క మూసుకుంటుంది, ఖాళీగా ఉన్న పక్కనే చర్య జరుగుతుంది.