స్మారక ఫలకం మీద పేరు చెక్కించే ముందు ఏయే ఆధారాలు చూడాలి?

రెండు ప్రపంచ యుద్ధాలకు మీ ఊరి నుండి వెళ్లి తిరిగి రాని సైనికుల పేర్లతో ఒక ఫలకం నిలపాలనుకుంటున్నామని, ఆ పేర్లను ఎలా నిర్ధారించుకోవాలని మీరు అడిగారు. మా గ్రామం కోసం ఇదే పని చేయడానికి నాకు మూడేళ్లు పట్టింది కనుక, ఆ అనుభవంతో ఈ జవాబు రాస్తున్నాను.

మా ఊళ్లో బ్రిటిషు ప్రభుత్వం పెట్టించిన పాత రాతిపలక ఒకటి ఉంది. 1914–1919 మహాయుద్ధానికి ఈ గ్రామం నుండి పదకొండు మంది వెళ్లారని, వారిలో ముగ్గురు ప్రాణాలు అర్పించారని దాని మీద ఉంది కానీ, ఒక్కరి పేరు కూడా లేదు. ఇటువంటి పలకలు దేశంలో ఇంకా చాలా గ్రామాల్లో ఉన్నాయి. అంకె దొరికింది కదా, పేర్లు సులభంగానే దొరుకుతాయని నేను అనుకున్నాను, అది పొరపాటు.

మొదట చూడవలసింది కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వారి జాబితా. రెండు ప్రపంచ యుద్ధాల్లో మరణించిన కామన్వెల్త్ దేశాల సైనికుల సమాధులు, స్మారకాలు చూసుకునే సంస్థ అది. దాన్ని అంతర్జాలంలో ఉచితంగా వెతకవచ్చు. అయితే కేవలం పేరుతో వెతికితే మోసపోతాము. మన పేర్లను ఆనాటి పటాలపు గుమాస్తాలు తమకు వినిపించినట్లు ఇంగ్లీషులో రాసుకున్నారు; ఇంటిపేరు చాలాసార్లు వదిలేశారు. నేను సంతోషంతో మొదట ఖాయం చేసుకున్న పేరు, తండ్రి పేరు పోల్చి చూస్తే, మరో జిల్లాలో మా ఊరి పేరే గల గ్రామానికి చెందిన వ్యక్తిదని తేలింది. జిల్లాల విషయంలోనూ జాగ్రత్త అవసరం. పశ్చిమ గోదావరి జిల్లా 1925లో కృష్ణా జిల్లా నుండి ఏర్పడింది కనుక, అక్కడి సైనికుడి చిరునామా మొదటి యుద్ధపు పత్రాల్లో 'కిస్ట్నా' అని ఉండవచ్చు.

కాబట్టి పేరు కంటే సైనిక సంఖ్య, పటాలం ముఖ్యం. ఈ రెండూ ప్రభుత్వ దస్త్రాల కంటే ముందు నాకు ఇళ్లలోనే దొరికాయి. మొదటి యుద్ధంలో పనిచేసిన వారికి ఇచ్చిన పతకాల అంచు మీద సంఖ్య, హోదా, పేరు, పటాలం చెక్కి ఉంటాయి. భూతద్దంతో చూస్తే అరిగిపోయిన అక్షరాలు కూడా చదవవచ్చు. మరణించిన వారి కుటుంబాలకు పంపిన గుండ్రటి కంచు ఫలకం మీద మాత్రం పేరు తప్ప హోదా గానీ సంఖ్య గానీ ఉండవు. ఒక ఇంట్లో ఆ ఫలకాన్ని తరతరాలుగా దేవుడి గదిలోనే ఉంచారు. అది ఎవరి జ్ఞాపకంగా వచ్చిందో వారికి చెప్పగలిగిన రోజును నేను మరచిపోలేను.

పేరు ఎక్కడా చెక్కి లేదని మరణాన్ని అనుమానించకండి. మెసపొటేమియాలో, అంటే నేటి ఇరాక్‌లో, మరణించిన వేలాది భారతీయ సిపాయిలను బస్రా స్మారకం మీద పటాలాల వారీగా అంకెలతోనే చూపారు. పేర్లు చెక్కినది అధికారులవి మాత్రమే. ఈ అసమానతను కమిషన్ 2021లో బహిరంగంగా అంగీకరించి క్షమాపణ చెప్పింది. ఇండియా గేటు మీద ఉన్నవి సుమారు 13 వేల పేర్లు కాగా, మొదటి యుద్ధంలోనే 74 వేల మందికి పైగా భారతీయ సైనికులు మరణించారు. దహనం జరిగిన వారికి సమాధి ఉండదు, వారి పేర్లను స్మారకాల జాబితాల్లో వెతకాలి. రెండవ యుద్ధంలో మలయా, బర్మాల వైపు వెళ్లిన వారి కోసం సింగపూర్, రంగూన్ స్మారకాల జాబితాలు చూడండి. కూలీ దళాల్లో, బరువులు మోసే పనుల్లో పోయిన వారిని కూడా మరచిపోవద్దు; వారిని సిపాయిలతో కాక వేరుగా నమోదు చేసేవారు.

నేను పెట్టుకున్న నియమం ఒక్కటే: ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు ఆధారాలు కలిస్తే తప్ప పేరును ఫలకానికి పంపకూడదు. కుటుంబంలో చెప్పుకునే కథ ఒక ఆధారమే కానీ, అది ఒక్కటే చాలదు.

మా పలక చెప్పిన ముగ్గురికి బదులు చివరకు నలుగురు తేలారు. నాలుగో ఆయన జబ్బు చేసి పటాలం నుండి విడుదలై, ఇంటికి చేరిన కొద్ది నెలలకే మరణించారు. మొదటి యుద్ధ మరణాలుగా లెక్కించడానికి కమిషన్ పెట్టుకున్న గడువు 1921 ఆగస్టు 31 వరకు ఉన్నా, ఆయన పేరు ఆ జాబితాలో లేదు. విడుదల పత్రం, ఊరి జనన మరణాల రిజిస్టరు ఒకదానితో ఒకటి సరిపోయాయి కనుక, మిగిలిన ముగ్గురి వరుసలోనే, అదే పరిమాణం గల అక్షరాలతో, ఆయన పేరు కూడా చెక్కించాము.