పిల్లలకు ఈడు వస్తోందని ముందుగా ఎలా తెలుస్తుంది?

ఆడపిల్లల్లో చనుమొన కింద చిన్న గట్టి గడ్డ, మగపిల్లల్లో వృషణాలు పెరగడం: తొలి గుర్తులు ఇవే. మామూలుగా ఆడపిల్లలకు 8–13 ఏళ్ల మధ్య, మగపిల్లలకు 9–14 మధ్య మొదలవుతాయి. మెదడు నుంచి సంకేతం అందగానే మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి హార్మోన్లు వదులుతుంది, వాటితో అండాశయాలు, వృషణాలు పని మొదలుపెడతాయి. చంక వాసన, జననాంగాల దగ్గరి వెంట్రుకలు ఎక్కువగా మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథుల వల్ల వస్తాయి కాబట్టి వాటిని మాత్రమే చూసి ఈడు వచ్చిందనుకోకూడదు.

రాజాంలో నాలుగో తరగతి చదివే తొమ్మిదేళ్ల పాప, గౌను రాసుకున్నా ఒక పక్క నొప్పంటోందనుకోండి. చనుమొన కింద బఠాణీ గింజంత గడ్డ తగులుతుంది. భయపడకండి, అది ముందు ఒక పక్కే రావచ్చు, రెండోది కొన్ని నెలలకు కనిపిస్తుంది. పిసకొద్దు, మర్దనా చేయొద్దు, మెత్తటి నూలు బనియన్ వేస్తే చాలు. నెలసరి దాదాపు రెండు, రెండున్నరేళ్ల తర్వాత వస్తుంది.

మన శ్రీకాకుళం, విజయనగరం ఇళ్లలో పెద్దమనిషి అయిన రోజునే ఈడు మొదలనుకుంటారు. అది పొరపాటు. అప్పటికి వేగంగా పొడవు పెరిగే కాలం చాలావరకు అయిపోతుంది. అబ్బాయిల మీసం, గొంతు మార్పూ ఆలస్యంగా వచ్చేవే.

ఆడపిల్లకు 8, అబ్బాయికి 9 నిండకముందే గుర్తులు కనిపిస్తే పిల్లల డాక్టరుకు చూపించండి. చేతి ఎక్స్‌రేతో ఎముకల వయసు చూస్తారు. ఆడపిల్లకు 13, అబ్బాయికి 14 ఏళ్లు దాటినా ఏమీ మొదలవకపోతే అప్పుడూ చూపించాలి.