డాగ్‌వుడ్‌ని ఉంచాలా, తీసేయాలా? ఆకులు కాదు, మొదలు చూడండి

మీ ప్రశ్న ఇదీ: వర్జీనియాలో ఈమధ్యే కొన్న ఇల్లు, ముందు యార్డులో ఇరవై అడుగుల డాగ్‌వుడ్ పూలచెట్టు. కింది కొమ్మలు ఎండిపోయాయి, ఒక కొమ్మ నడిచే దారికి అడ్డం వస్తోంది, ఆకుల నిండా మచ్చలు. మీ మామగారు కొట్టించేయమంటున్నారు, మీ ఆవిడ వద్దంటున్నారు. మచ్చలు చూసి మాత్రం తేల్చకండి. అసలు సంగతి నేల దగ్గర రెండడుగుల మానులో ఉంటుంది.

ముందు అది డాగ్‌వుడ్డేనా చూడండి. ఆకును అడ్డంగా మెల్లగా చించి రెండు ముక్కల్నీ కొంచెం దూరం జరిపితే, ఈనెల్లోంచి సాలెగూడు పోగుల్లాంటి సన్నటి దారాలు సాగి కింది ముక్కను వేలాడేస్తాయి. ఏప్రిల్‌లో, ఆకులు పూర్తిగా విప్పకముందే, కొసన నొక్కు పడ్డ నాలుగు తెల్ల రేకులతో పూస్తే అది ఫ్లోరిడా రకం. రేకులు మొనదేలి, నెల ఆలస్యంగా పూస్తే కౌసా రకం, దాని రోగాల లెక్క వేరు. (అవి నిజానికి రేకులు కావు. మన కాగితం పూలలాగే రంగు మారిన ఆకులు. అసలు పూలు మధ్యలోని పసుపుపచ్చ గుత్తి.)

ఇప్పుడు మొదలు దగ్గర మల్చ్ (నేల మీద పరిచే చెక్కపొట్టు) పక్కకు లాగి బెరడు చూడండి. ముదురు డాగ్‌వుడ్ బెరడు మొసలి చర్మంలా గళ్లుగళ్లుగా ఉంటుంది. గళ్లు ఊడి వస్తున్నా, సందుల్లో సన్నటి రంపపు పొట్టు కనిపిస్తున్నా లోపల తొలిచే పురుగు ఉన్నట్టే. అది ఎక్కువగా గడ్డి మిషన్, ట్రిమ్మర్ తీగ తగిలిన గాయాల దగ్గరే చేరుతుంది. చిన్న కత్తితో బెరడును అక్కడక్కడ కొద్దిగా గీకండి. లోపల పచ్చగా తడిగా ఉంటే బతికున్న భాగం, గోధుమరంగులో పొడిగా ఉంటే చచ్చినది. టేపుతో మాను చుట్టుకొలత తీసి, చచ్చిన మేర ఎంతో కొలవండి. 24 అంగుళాల చుట్టులో 8 అంగుళాలు దాటితే, అంటే మూడో వంతు పైన పోతే, నేనైతే తీసేయమనే అంటాను. మొదట్లో పుట్టగొడుగులు మొలిచినా, ఈమధ్యే ఒక పక్కకు వాలి వేళ్ల దగ్గర మట్టి పగిలినా కూడా అంతే.

మచ్చల విషయం. చుట్టూ ఊదా అంచు ఉన్న చిన్న చుక్కలు ఆకుల మీదా పూల మీదా మాత్రమే ఉంటే చెట్టుకు ప్రాణగండం లేదు. ఆకులు గోధుమరంగు తిరిగి రాలకుండా వేలాడుతూ, ఎండు కింది కొమ్మల నుంచి పైకి పాకుతూ, మాను మీద నిటారుగా నీటికొమ్మలు (లేత రెమ్మలు) లేస్తుంటే మాత్రం ఆంత్రాక్నోస్ అనే బూజు తెగులని అనుమానించండి. ఆ నీటికొమ్మల్లోంచే రోగం మానులోకి దిగుతుంది కాబట్టి వాటిని వెంటనే తీసేయాలి. నీడా తేమా ఎక్కువున్న చోట ఇది బలంగా ఉంటుంది. ఎండు ఇంకా కొమ్మల దగ్గరే ఉంటే కత్తిరింపుతో చెట్టు నిలబడే అవకాశం ఉంది.

ఎండిన కొమ్మలు పొడి వాతావరణం చూసి ఎప్పుడైనా తీయొచ్చు. పచ్చివి మాత్రం డిసెంబరు చివరి నుంచి ఫిబ్రవరి చివరి లోపు. వేసవిలో కోస్తే తాజా గాయం మీద ఆ తొలిచే పురుగు తల్లి రెక్కలపురుగు వాలుతుంది. ఫిబ్రవరిలో కోసిన చోట నీరు కారుతుంది, కంగారు పడొద్దు. పూమొగ్గలు ముందు ఏడాది వేసవిలోనే కట్టేస్తాయి కాబట్టి ఆ కొమ్మల పూలు ఆ ఏడాదికి పోతాయి, తప్పదు.

దారికి అడ్డమొచ్చే కొమ్మను మూడు కోతల్లో తీయండి. మానుకు అడుగు దూరంలో కింది నుంచి మూడో వంతు లోతు కోయండి. దానికి రెండంగుళాలు అవతల పైనుంచి కోస్తే బరువంతా పడిపోతుంది. మిగిలిన మోడును, కొమ్మ మొదట్లో ఉబ్బుగా కనిపించే మెడకు ఆనుకుని బయటివైపు కోయండి. ఆ మెడ కోసేస్తే గాయం పూడదు. మోడు పొడుగ్గా వదిలితే కుళ్లు లోపలికి దిగుతుంది. గాయానికి రంగూ తారూ పూయకండి. రోగం ఉన్న కొమ్మలైతే కోతకోతకూ రంపాన్ని 70 శాతం ఆల్కహాల్‌తో తుడవాలి. ఎండువి పోను పచ్చి కొమ్మల్లో నాలుగో వంతు మించొద్దు, ముసలి చెట్టుకు అందులో సగం చాలు. తల నరికి పొట్టి చేస్తామనే మనిషిని గేటు దగ్గరే పంపించేయండి.

ఉంచితే: మల్చ్ రెండు మూడు అంగుళాల మందం, మానుకు అరడుగు ఎడం. మల్చ్‌ను మాను చుట్టూ గుట్టపోస్తే బెరడు నానిపోతుంది. వేళ్లు పైపైనే ఉంటాయి, వాన లేని వారాల్లో అంగుళం నీరు ఒక్కసారిగా నెమ్మదిగా పెట్టండి. కలుపు మందు కలిసిన లాన్ ఎరువు ఈ చెట్టు కింద చల్లొద్దు, ఆకులు మెలి తిరుగుతాయి. ఉత్త నైట్రోజన్ కూడా వద్దు, నీటికొమ్మలు ఎగబడతాయి.

తీసేయాల్సి వస్తే ముందు హెచ్ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) అనుమతి తీసుకోండి, పనివాళ్ల ఇన్సూరెన్స్ కాగితం అడిగి చూడండి. మోడు గ్రైండ్ చేయించే ముందు 811కి ఫోన్ చేస్తే భూమిలో గ్యాస్, కేబుల్ లైన్లు ఎక్కడున్నాయో ఉచితంగా గుర్తు పెట్టి వెళ్తారు. రోగం కొమ్మల చెక్కముక్కలు వేరే డాగ్‌వుడ్ల కింద వేయొద్దు. కొత్తది అదే గుంటలో కాకుండా కొన్ని అడుగులు పక్కకు, పొద్దున ఎండ తగిలి మధ్యాహ్నం నీడ పడే చోట నాటండి. మీ ఆవిడకు అదే తెల్లపూల చెట్టు కావాలంటే, ఆంత్రాక్నోస్‌ను తట్టుకునే ‘అపలాచియన్ స్ప్రింగ్’ రకం ఉందేమో నర్సరీలో అడగండి.