మల్పే దగ్గరి రాతి స్తంభాల ద్వీపం

ప్రశ్న: హైదరాబాదు నుంచి కారులో ఉడుపి, గోకర్ణం వెళ్తున్నాం. ఉడుపి పక్కనున్న మల్పే రేవు దగ్గరి సెయింట్ మేరీస్ ద్వీపంలో రాళ్లు చెక్కినట్టు ఉంటాయట, నిజమేనా? వర్షాకాలంలో వెళ్లవచ్చా?

జవాబు: నిజమే, కాని చెక్కింది మనిషి కాదు. సుమారు 8.8 కోట్ల సంవత్సరాల క్రితం, మడగాస్కర్ భారత భూభాగం నుంచి విడిపోతున్న కాలంలో పొంగిన లావా చల్లారుతూ కుంచించుకుపోయినప్పుడు, ఎండిన చెరువు అడుగున మట్టి నెర్రెలు విచ్చినట్లే రాయిలోనూ పగుళ్లు పడి లోతుకు దిగడంతో, ఈ నిలువు స్తంభాలు ఏర్పడ్డాయి. చాలామంది దీన్ని బసాల్టు, అంటే నల్లని లావా రాయి, అంటారు. నిజానికిది సిలికా (ఇసుకలోని ముఖ్య పదార్థం) ఎక్కువగా ఉండే డాసైట్, రయోలైట్ జాతి అగ్నిశిల. ఒక స్తంభం పైభాగాన్ని దగ్గరగా చూడండి: అంచులు లెక్కపెడితే కొన్నింటికి ఆరు, కొన్నింటికి అయిదు, మరికొన్నింటికి ఏడు కనిపిస్తాయి. ఆ తేడాలే నాకు ఎక్కువ ముచ్చటగా అనిపిస్తాయి. భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ దీన్ని జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా గుర్తించింది.

కారు మల్పేలోనే వదిలి పడవ ఎక్కాలి. వర్షాకాలంలో సముద్రం అల్లకల్లోలంగా ఉండడం వల్ల పడవలు నడపరు కనుక, డిసెంబరు, జనవరి నెలల్లో ఉదయం పూట వెళ్లండి. తీరంలో ఇసుక కన్నా గవ్వల ముక్కలే ఎక్కువ, చెప్పులు విప్పకండి.