వేళ్లు విప్పిన సీన్

ప్రశ్న: ‘ది రిమైన్స్ ఆఫ్ ది డే’ సినిమా చూశాను. హౌస్‌కీపర్ మిస్ కెంటన్ అంత దగ్గరగా వస్తే, అదే ఇంట్లో బట్లర్ (పనివాళ్లందరికీ పెద్ద) స్టీవెన్స్ ఒక్క మాటైనా అనడేం? అతనికి మనసే లేదా?
– ఓ పాఠకురాలు, తెనాలి

జవాబు: మనసు లేకపోవడం కాదమ్మా. ఆ పుస్తకం సీన్ మళ్లీ చూడండి. ఏం చదువుతున్నారని ఆమె అడిగితే, అతను పుస్తకాన్ని గుండెకు హత్తుకుని గోడవారకు జరుగుతాడు. ఆమె అతని వేళ్లు ఒక్కొక్కటీ విప్పి తీసుకుంటుంది. తీరా చూస్తే ఆ పుస్తకం మామూలు ప్రేమకథ! ఇంగ్లిష్ మెరుగుపడుతుందని చదువుతున్నానంటాడు. ఆ క్షణంలో స్టీవెన్స్‌గా నటించిన ఆంథోనీ హాప్కిన్స్ కళ్లు చూడండి. నేను మూడుసార్లు చూశాను, మూడుసార్లూ గొంతు పట్టేసింది.

స్టీవెన్స్ 1930ల ఇంగ్లండ్‌లో, పెద్ద బంగ్లాకు హెడ్ బట్లర్. పనివాళ్ల మధ్య ప్రేమలు ఇంటి క్రమాన్ని చెడగొడతాయని నమ్మినవాడు. పైగదిలో కన్నతండ్రి చనిపోయాడని తెలిసినా కింద అతిథుల పని వదలడు. తండ్రి కళ్లు మూసేది కూడా మిస్ కెంటనే. తనకోసం ఏదైనా కోరుకోవచ్చని అతనికి ఎవరూ నేర్పలేదు. తండ్రి కూడా బట్లరే కదా.

1993లో వచ్చిన ఈ సినిమాకు 8 ఆస్కార్ నామినేషన్లు దక్కాయి, అవార్డు ఒక్కటీ రాలేదు. నాకు ఇప్పటికీ బాధే. వీలైతే ఈ సినిమాకు మూలమైన కజువో ఇషిగురో నవల కూడా చదవండి. 1989లో బుకర్ సాహిత్య బహుమతి అందుకుంది.

చివర్లో వానలో బస్సు కదులుతుంటే ఇద్దరి చేతులూ విడిపోతాయి చూశారా? ఆమె ఏడుస్తుంది. అతను టోపీ ఎత్తి నిలబడతాడు, అంతే.